అయిదో పుస్తకం చివరి వరస

బల్బు తగిలి తండ్రి నుదురు కాలింది. చొక్కా బొత్తాం అంత బొబ్బ లేచింది. కాగితాన్ని దీపం దగ్గరికి తెచ్చుకోవడం చాలక, తనే దీపం దగ్గరికి జరిగి, ఇంకాస్త జరిగి, ఆఖరికి తల దానికి ఆనించేశాడు. చిన్ని మందు రాస్తుంటే చంటిపిల్లాడిలా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ముప్పై ఎనిమిది, చిన్నీ. ముప్పై ఎనిమిదే మిగిలాయి."

"ముందు నాలుగు ముద్దలు తిని, తరవాత చెప్పు ఆ మాట."

కంచం పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. చిన్నికి ఒళ్ళు మండింది. మండి ఏం లాభం? నెలన్నరగా ఇదే వరస. కళ్ళ డాక్టరు చేతులెత్తేశాడు. చూపులో నడిమి భాగం పోయిందనీ, అంచులు మాత్రం కొన్నాళ్ళు ఉంటాయనీ చెప్పాడు. చిన్ని పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో, అద్దాలు అరగదీసే బల్ల దగ్గర. ఊరందరికీ చూపు అమర్చిన చెయ్యి. తండ్రి కోసం షాపులో ఉన్న అతి మందమైన గాజుని మూడు రాత్రులు కష్టపడి అరగదీసి తెచ్చింది. ఆయన పెట్టుకుని, అంకె ఉన్న చోట బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ లేదన్నాడు. ఆ రోజు ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆయన్ని ఒకప్పుడు ప్రెస్సులో శేషం గారనేవారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ ప్రెస్సు అచ్చువేసేది పట్టికలు. రైళ్ళ వేళలు, వర్గమూలాలు, తూకాలు, కొలతలు, అన్నీ అంకెలే. అక్కడ ప్రూఫు దిద్దేవాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఒకరు పైకి చదువుతారు, ఒకరు వింటూ పెన్సిలు పెడతారు. శేషం గారు వినే మనిషి. ఆయన ఎదురుగా కూర్చుని రోజుకి ఎనిమిది గంటలు అంకెలు చదివి చదివి, చివరికి ఆయన్నే పెళ్ళి చేసుకున్నది చిన్ని తల్లి. ఆవిడ గొంతులో తొమ్మిది అన్న మాట ఎలా ఉంటుందో వర్ణించమంటే పెళ్ళికి ముందే ఆయన అరగంట చెప్పేవాడట.

ఆ ప్రెస్సులో ఒక కఠినమైన రూలుండేది. చదివే మనిషి తప్పు ఒక్కటి, ఒకే ఒక్కటి, పుట అచ్చుకి వెళ్ళాక ఫోర్‌మన్ కంటపడితే చాలు. ఆ మనిషి అప్పటిదాకా చదివిన పుటలన్నీ మొదటి నుంచీ మళ్ళీ చదవాలి. ఒకసారి చిన్ని తల్లి ఒక్క మూడుని ఎనిమిదిగా చదివినందుకు నూట పన్నెండు పుటలు తిరిగి చదివింది. గొంతు పోయి వారం రోజులు సైగలతో కాపురం చేసిందని తండ్రి ఎన్నోసార్లు చెప్పి నవ్వేవాడు.

ఇక అసలు సంగతి. చిన్నికి ఒక అక్క ఉండేది. పదకొండేళ్ళ పిల్ల, బడి వదలగానే ప్రెస్సుకి వచ్చి బల్లల కింద దూరేది. ఒక సాయంత్రం నేలమీద రాలిన సీసపు అంకెలు ఏరి, అచ్చు పేర్చే స్టిక్కులో పన్నెండు వరసగా పెట్టి తండ్రికి చూపించింది. 752783286293.

"నాన్నా, దీన్ని ఏది భాగిస్తుంది?"

పని తొందరలో ఉన్నాడు. "రేపు చెప్తాలే" అన్నాడు. రేపటికి పిల్లకి జ్వరం. ఆరో రోజుకి పిల్ల లేదు.

పిల్ల పోయిన పదకొండో రోజు సాయంత్రం తండ్రి డాబా ఎక్కి పిట్టగోడ మీద, కాళ్ళు వీధి వైపు వేసి కూర్చున్నాడు. తల్లి పైకి వెళ్ళింది. అరవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. స్టిక్కు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. "పిల్ల అడిగిన దానికి జవాబు చెప్పకుండా ఎక్కడికి వెళ్తారు?" అంది. ఆయన కాళ్ళు ఇటు తిప్పాడు. అప్పటినుంచీ డాబా తలుపుకి తాళం ఉంది. తాళంచెవి తల్లి బొడ్డులో ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ పోయాక చిన్ని పర్సులోకి వచ్చింది.

మర్నాడు ఇద్దరూ లెక్క మొదలుపెట్టారు. ప్రెస్సు ఒకప్పుడు ప్రధాన సంఖ్యల పట్టిక వేసింది. ఒకటీ, తామూ తప్ప మరేదీ భాగించలేని సంఖ్యలు, పది లక్షల దాకా. దాన్ని దిద్దింది వీళ్ళిద్దరే. ఆ పట్టిక ముందు పెట్టుకుని, పిల్ల పేర్చిన అంకెని ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించడం. ఎనిమిది లక్షల అరవై ఏడు వేలు దాటి ఆ అంకె వర్గమూలం ఉంది. అక్కడిదాకా ఏదీ భాగించకపోతే ఇక ఏదీ భాగించదని అర్థం. సుమారు అరవై తొమ్మిది వేల భాగహారాలు. పుటకి పది, పుస్తకానికి వెయ్యి. ఒక పుట ఆయన, ఒక పుట ఆవిడ. సాయంత్రాలు ప్రెస్సులో లాగే ఆవిడ తన పుట పైకి చదివేది, ఆయన కళ్ళు మూసుకుని తొమ్మిదులతో సరిచూసేవాడు. అంకెలన్నీ కూడి ఒక్క అంకె దాకా తేవడమే, అంతకుమించి ఏం లేదు. పిల్ల అంకెకి ఎనిమిది వస్తుంది. భాజకం, భాగఫలం గుణించి శేషం కలిపితే దానికీ ఎనిమిది రావాలి. రాకపోతే తప్పు.

ప్రెస్సు మూతపడ్డా, ఆయన బడిపిల్లలకి ఎక్కాలు చెప్పుకుని బతికినా, భార్య పోయినా లెక్క ఆగలేదు. ఇరవై అయిదేళ్ళు! మనిషన్నవాడు చేసే పనేనా అని మీరంటే చిన్ని మిమ్మల్ని కొట్టదు. తనూ లక్షసార్లు అనుకుంది. మిషను మీద వేస్తే చిటికెలో తేలుతుందని పదిహేనేళ్ళప్పుడు ఒకసారి అని, తండ్రి చేతి దెబ్బ తిన్నది. పుట్టాక తిన్న ఒకే ఒక్క దెబ్బ.

"మీ అక్క మిషన్ని అడగలేదు. నన్నడిగింది."

సరే, ఇప్పుడు ముప్పై ఎనిమిది మిగిలాయి, కళ్ళు పోయాయి. "నువ్వు చెయ్యి, చిన్నీ. నువ్వు చదువు, నేను సరిచూస్తా." చిన్ని ఒప్పుకుంది. రోజుకి రెండు చేస్తానంది. మొదటి రోజే మూడుసార్లు తప్పు చేసింది. పన్నెండంకెల్ని ఆరంకెలతో భాగించడం హాస్యం కాదు. ఆయన వింటూనే పట్టేసేవాడు. "ఎనిమిది రాలేదు. మళ్ళీ."

నాలుగో రోజు మధ్యాహ్నం షాపులో జనం లేరు. చిన్ని గాజుపొడి చేతులు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. మోసం చేద్దామని కాదు. భాగఫలం ఒక్కటి చూసుకుని, ఆ సాయంత్రం గండం గట్టెక్కుదామని. కానీ వేలు ఊరుకోలేదు. అంకె మొత్తం కొట్టి, దీన్ని ఏది భాగిస్తుందని అడిగింది.

రెప్ప వేసేలోగా వచ్చింది. 48611, 15485863. ఈ రెంటి గుణకారం.

చిన్ని కుర్చీలోంచి లేవలేకపోయింది. నలభై ఎనిమిది వేల ఆరువందల పదకొండు! అంటే మొదట్లోనే. అంటే ఇరవై మూడేళ్ళ కిందటే. ఎక్కడో చెయ్యి జారింది. ఆ ఒక్క జారుకి ఒక మనిషి ఇరవై మూడేళ్ళూ, రెండు కళ్ళూ పోసేశాడు.

షాపు భూతద్దం జేబులో వేసుకుని ఇంటికి పరిగెత్తింది. తండ్రి కునికిపాట్లు పడుతున్నాడు. బీరువాలో మొదటి నుంచీ వెతికి అయిదో పుస్తకం తీసింది. వంద పుటలూ తిప్పితే చివరి పుట చివరి వరసలో ఉంది. అయిదువేలో ప్రధాన సంఖ్య. 48611. భాగఫలం 15485863, సరిగ్గా ఉంది. శేషం 9.

తల్లి దస్తూరి. చిన్ని భూతద్దం పెట్టింది. ఆ పుటలో తల్లి రాసిన తొమ్మిదులన్నీ ఒకే ఊపులో ఉన్నాయి, గుండు కాస్త తెరుచుకుని, కలం ఎత్తకుండా తోక కిందికి. ఈ ఒక్క తొమ్మిది అలా లేదు. గుండు గట్టిగా మూసుకుంది. తోక విడిగా, తరవాత, వేరే సిరాతో అతికించినట్టుంది. అది తొమ్మిది కాదు. సున్నా. సున్నాకి తోక పెట్టారు.

పొరపాటు కాదు. అమ్మ కావాలనే చేసింది.

సున్నాకి బదులు ఏ ఒకటో రెండో రాసి ఉంటే ఆయన చెవి పట్టేసేది. తొమ్మిది రాస్తే పట్టదు. తొమ్మిదులతో సరిచూసే పద్ధతికి తొమ్మిదికీ సున్నాకీ తేడా తెలియదు, రెండూ ఒక్కటే దానికి. అందుకే ప్రెస్సులో తొమ్మిది శేషం వచ్చిన ప్రతిచోటా కళ్ళతో చూసి తీరాలనేవారు. ఇంట్లో ఎవరు చూస్తారు, చదివేది పెళ్ళామైనప్పుడు? ఈ కిటుకు మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు, ఒకరు వాడారు, ఒకరు మోసపోయారు.

పుట పైన తేదీ ఉంది. ప్రెస్సు మూతపడిన వారం. అప్పుడు చిన్నికి ఏడేళ్ళు. ఆ వారమంతా తండ్రి పక్క దిగలేదనీ, తల్లి తనని బడికి పంపకుండా ఆయన పక్కన కూర్చోబెట్టి వెళ్ళేదనీ గుర్తుంది. అదే వారంలో ఆవిడకి సున్నా వచ్చింది. జవాబు చెప్పేస్తే ఆయనకి ఆ గోడ దిగి ఉండటానికి ఇంకో కారణం లేదు. ఆవిడ తోక పెట్టింది. పెట్టి, తరవాత పదిహేనేళ్ళు ఎదురుగా కూర్చుని పుటలు చదివింది, అవన్నీ దండగని తెలిసి కూడా. పోయేముందు చిన్ని చెయ్యి పట్టుకుని, "నాన్న లెక్క ఆగకుండా చూడు" అంది. లెక్క పూర్తయ్యేలా చూడమని చిన్ని అర్థం చేసుకుంది.

అప్పటినుంచీ చిన్నికి నిద్ర లేదు. చెబితే? ఇరవై మూడేళ్ళు గాలికి పోయాయని, కట్టుకున్నదే చేసిందని, కళ్ళు లేని మనిషికి ఎలా చెప్పడం? చెప్పకపోతే? ముప్పై రెండు, ముప్పై, ఇరవై ఎనిమిది. తరిగిపోతున్నాయి. చిన్ని కావాలని తప్పులు చేసింది. తలనొప్పి అంది. షాపులో పని ఎక్కువైందని అబద్ధమాడింది. అయినా తరిగిపోతూనే ఉన్నాయి. తల్లికి అరవై నాలుగు వేల వరసల జాగా ఉంది దాచడానికి. తనకి ముప్పై కూడా లేవు.

తండ్రి మాత్రం రోజురోజుకీ తేలికపడుతున్నాడు, అదే భయంగా ఉంది. పాత చొక్కాలు కింద సైకిల్ షాపువాడికి ఇచ్చేశాడు. కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టాడు. సీసపు అంకెల స్టిక్కు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ, "ఏదీ భాగించదు తల్లీ, నీది గట్టి అంకె" అని గొణుక్కుంటున్నాడు. పెద్ద కూతురికి చెప్పబోయే మాట వల్లె వేసుకుంటున్నాడన్నమాట.

మూడు మిగిలిన రోజు సాయంత్రం చిన్ని ఇంకా చెప్పులు విప్పనే లేదు.

"చిన్నీ, డాబా తాళంచెవి ఎక్కడుంది?"

"ఎందుకు?"

"ఊరికే. గాలికి. ఇవాళ మూడూ అయిపోతాయి కదా, అయ్యాక కాసేపు కూర్చుంటా."

ఎంత మామూలుగా అడిగాడు! ఉప్పు అందుకో అన్నట్టు అడిగాడు. చిన్ని పర్సుని రెండు చేతులా పొట్టకి అదుముకుంది. తలుపు వేసెయ్యనా, పక్కింటివాళ్ళని పిలవనా, కాళ్ళ మీద పడనా? ఇవాళ ఆపితే రేపు? తను షాపుకి వెళ్ళిన పూట? అమ్మా, ఇంతదాకా తెచ్చి నా నెత్తిన పెట్టి పోయావే అని లోపల అరిచింది. అరుస్తూనే బీరువా దగ్గరికి వెళ్ళి అయిదో పుస్తకం తీసింది.

"నాన్నా, ఆ మూడింటి కంటే ముందు ఒక పాత వరస సరిచూడు."

"పాతవి అన్నీ చూసినవే."

"నాకోసం చూడు. భాజకం నాలుగు, ఎనిమిది, ఆరు, ఒకటి, ఒకటి. భాగఫలం ఒకటి, అయిదు, నాలుగు, ఎనిమిది, అయిదు, ఎనిమిది, ఆరు, మూడు. శేషం తొమ్మిది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అది రెండు, ఇది నాలుగు. రెండు నాలుగులు ఎనిమిది, తొమ్మిది కలిపితే పదిహేడు, ఒకటీ ఏడూ ఎనిమిది. సరిగ్గానే ఉంది."

"పదకొండుతో చూడు."

"పదకొండెందుకు?"

"చూడు నాన్నా."

పదకొండుతో చూడటం వేరు. చివరి అంకె నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీస్తూ రావాలి. ఆయన పెదాలు కదిలాయి. "భాజకం రెండు. భాగఫలం ఎనిమిది. రెండు ఎనిమిదులు పదహారు, పదకొండు పోతే అయిదు. శేషం తొమ్మిది కలిపితే పద్నాలుగు, పోతే మూడు." వేళ్ళు స్టిక్కు మీదికి వెళ్ళాయి. పన్నెండు అంకెల్నీ చివరి నుంచి ఒక్కొక్కటే తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"అయిదు రావాలి" అన్నాడు.

చిన్ని ఆ వరస మీద వేలు పెట్టింది.

"తొమ్మిది లేకపోతే అయిదొస్తుంది." ఆయన మొహంలో రంగు పోయింది. "ఆ పుట ఎవరిది?"

"అమ్మది. అయిదో పుస్తకం, చివరి వరస. అది తొమ్మిది కాదు నాన్నా. సున్నాకి తోక పెట్టింది."

కింద సైకిల్ షాపులో ఎవరో గంట మోగించి చూసుకుంటున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన కదల్లేదు. తరవాత చెయ్యి విసిరితే బల్ల మీది పుస్తకాలన్నీ కిందికి దొర్లాయి.

"ఇరవై మూడేళ్ళు! నా కళ్ళు పోయాయే దీనికి! ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తూ చదివిందే!"

అరుపు కాదది, ఏదో విరిగిన చప్పుడు. చిన్ని గోడకి జారగిలబడిపోయింది. చంపేశాను, అమ్మ బతికించుకున్న మనిషిని నేను చంపేశాను అనుకుంది. ఆయన లెక్క ఎటైనా మిగిలిందేమోనని చీకట్లో వెతుక్కుంటున్నాడు. "ఆ భాగఫలాన్ని... దాన్ని భాగించి చూడాలి..." అని మొదలెట్టి తనే ఆగిపోయాడు. "అక్కర్లేదు. దాన్ని భాగించేదేదైనా ఉంటే మొదటి పుస్తకంలోనే దొరికేది. అయిపోయింది. అంతా అయిపోయింది, చిన్నీ."

తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. చిన్ని పర్సు మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ రోజు ఆగింది" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎవరు?"

"మీ అమ్మ. శేషం అని, ఆగింది. పదిహేడేళ్ళు నాకు చదివిన మనిషి, ఎప్పుడూ శేషం దగ్గర ఆగదు. గొంతు ఎండిందనుకున్నా. నీళ్ళు తాగు అన్నా. తాగి, తొమ్మిది అంది." ఆయన చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అంత సేపు ఆలోచించుకుంది. నేను నీళ్ళిచ్చాను."

చిన్ని పాక్కుంటూ వెళ్ళి ఆయన మోకాళ్ళు పట్టుకుంది. స్టిక్కు ఇద్దరి మధ్యా నలిగింది.

"పెద్దదానికి చెప్పాలి కదా, దొరికిందని" అన్నాడు. మళ్ళీ తనే, "వాళ్ళమ్మ ఎనిమిదేళ్ళ కిందటే వెళ్ళి చెప్పేసుంటుందిలే. ఆవిడ నోట్లో ఏ మాటా ఆగదు" అన్నాడు. అని, నవ్వబోయి వెక్కాడు.

కిటికీలో వెలుగు తగ్గుతోంది. ఆయన ముక్కు చీది, పంచె చెంగుతో తుడుచుకుని, నేలమీద తడుముకుంటూ ఒక పుస్తకం చేతికి తీసుకున్నాడు. అట్ట మీద వేలితో తడిమి చూసుకుని పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు.

"మీ అమ్మ ఎన్ని పుటలు చదివింది?"

"నాకేం తెలుసు నాన్నా? రెండు వేలు పైనే ఉంటాయి. ఎందుకు?"

"తప్పు దొరికింది కదా." గొంతులో ఎక్కడినుంచో పాత ప్రెస్సు గొంతు వచ్చింది. "చదివే మనిషి తప్పు ఒక్కటి దొరికితే అన్నీ మళ్ళీ చదవాలి. పదకొండుతో. ఇంకెక్కడెక్కడ ఏం చేసిందో ఎవరికి తెలుసు? ఆవిణ్ణి నమ్మడానికి లేదు."

చిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఇంకెక్కడా ఏమీ ఉండదని ఆయనకీ తెలుసు. ఆ అంకెకి సున్నా ఒక్కసారే వస్తుంది.

మొదటి పుస్తకం వెతికి తీసి, తల్లి చేతిరాత ఉన్న మొదటి పుట తెరిచింది. బల్ల దీపం ఆయన నుదుటికి దూరంగా జరిపి, ప్రెస్సులో తల్లి కూర్చున్నట్టు ఎదురుగా కూర్చుంది. డాబా తాళంచెవి పర్సులోంచి తీసి బొడ్డులో దోపుకుంది. చదవబోతే మాట పెగల్లేదు.

తండ్రి చెయ్యి చాపి, గ్లాసు కోసం బల్లంతా తడిమి, పట్టుకుని ఆమె వైపు జరిపాడు.

"ముందు నీళ్ళు తాగు" అన్నాడు.